మా అమ్మాయి పని చేయదు

లోరా విట్లాక్ నవ్వు నాకు మొదటినుంచీ గిట్టదు. పళ్ళ డాక్టరు భార్య కాబట్టి పళ్ళన్నీ ఊరికి చూపించాలని ఆవిడ ఉద్దేశం కాబోలు. ఆదివారం చర్చికి పోతూ మా కొట్టు ముందు కారు ఆపేది. గులాబీ రంగు అట్టపెట్టెల్లో డోనట్లు నింపించుకునేది. పోయేముందు మా అక్క రెండు చేతులూ పట్టుకుని, "ఫల్లా, నువ్వు దేవతవి తెలుసా?" అనేది. మా అక్క మురిసిపోయేది. దేవత చేతులకు ఆ కాలిన మచ్చలేమిటని ఆవిడ ఒక్కసారీ అడగలేదు.

మాది స్టాక్టన్. బట్టలుతికే మెషీన్ల దుకాణానికీ, గోళ్ళకు రంగులు వేసే పార్లర్‌కీ మధ్య ఇరుక్కున్న కొట్టు. కాలిఫోర్నియాలో మా కంబోడియావాళ్ళ చేతిమీదుగా వేగని డోనట్ లేదని ఒక జోకు. జోకేమీ కాదు, నిజమే. కొట్టు అక్కది, బావది. పిండి కలపడం నాది. నా పేరు థీడా. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నా కోపమంతా ఖర్చు కాకుండా నిలవ ఉందని బావ అంటూ ఉంటాడు.

అక్కకు ఒక్కతే కూతురు, మాలిస్. మా భాషలో ఆ మాటకు మల్లె అని అర్థం. మల్లె సంగతేమో గానీ, ఆ పిల్ల దగ్గర ఎప్పుడూ వేగిన నూనె వాసనే. ఊహ తెలిసినప్పటినుంచీ కొట్లోనే పెరిగింది. పాల ప్యాకెట్లు వచ్చే ప్లాస్టిక్ బుట్ట తిరగేసి, దాని మీద ఎక్కి గల్లా దగ్గర నిలబడేది. పెట్టెలు మడిచేది. చక్కెర పాకంలో డోనట్లు ముంచి తీసేది. పెద్దదయ్యాక నూనె దగ్గర నిలబడింది, సరుకు తెచ్చింది, వాళ్ళమ్మకు రాని ఇంగ్లీషులో కరెంటువాళ్ళతో పోట్లాడింది. ఇదంతా అయ్యాక కాలేజీకి వెళ్ళేది.

అయితే దీన్ని మా ఇంట్లో పని అనరు. 'చువోయ్' అంటారు. అంటే సాయం. పిల్ల అమ్మకు సాయం చేస్తోంది, అంతే. పని అన్న మాట మాలిస్ పేరు పక్కన ఎవరు పెట్టినా మా అక్క కస్సుమనేది.

దానికి కారణం ఉంది. అక్కకు ఎనిమిదేళ్ళప్పుడు మా దేశంలో ఊళ్ళు ఖాళీ చేయించి, పిల్లల్ని తల్లుల దగ్గరనుంచి లాక్కుపోయి, దళాలుగా చేసి పొలాల్లో కాలవలు తవ్వించారు. నేనప్పుడు అమ్మ చంకలో ఉన్నాను, నాకేమీ గుర్తు లేదు. అక్కకు అన్నీ గుర్తున్నాయి. పొద్దున లేస్తే పని, గంజికి పని, ఏడిస్తే ఇంకా పని. అందుకని కూతురు పుట్టిన రోజున ఒట్టు పెట్టుకుంది, నా బిడ్డ పని చేయదని.

దానికి తోడు మాలిస్ చిన్నప్పుడు ఒకాయన టై కట్టుకుని వచ్చాడు. గల్లా దగ్గరున్న పిల్లను చూసి, "ఈ పాప ఇక్కడ పని చేస్తుందా?" అని అడిగాడు. పిల్లల చేత పని చేయిస్తున్నారేమోనని చూడ్డానికొచ్చిన ఆఫీసరనుకుని అక్క ముఖం పాలిపోయింది. "నో, నో! పాప పని లేదు! పాప ఊరికే కూర్చుంటుంది!" అంది. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఎవరో ఏమిటో ఈనాటికీ తెలియదు. కానీ ఆ రోజునుంచి మాకు అదో మంత్రమైపోయింది. తెలియనివాళ్ళు ఎవరడిగినా, నిద్రలో లేపి అడిగినా, ఒకటే జవాబు. మా అమ్మాయి పని చేయదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మాలిస్ ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ చదువు ముగించి, పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలి. సివిల్ ఇంజినీరింగు కావాలంది, అందులోనూ నీళ్ళూ కాలవలూ. అది విన్న రోజున అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "కాలవలా? వాటికి చదువు కూడా ఉందా? నన్నడిగితే గునపం ఇచ్చి ఒక్క పూటలో నేర్పేదాన్ని కదే!"

పిల్లకు మార్కులు మంచివే. ఒక్క టర్మ్‌లో మాత్రం చతికిలపడ్డాయి. ఆ టర్మ్‌లోనే బావ నడుము విరిగి మంచం పట్టాడు. కొట్టు నడిపింది మాలిసే. దరఖాస్తులో పని అనుభవం అని ఒక పెద్ద గడి ఉంది. ఆ పిల్ల దాన్ని ఖాళీగా వదిలేసి కాలేజీ కౌన్సిలర్ దగ్గరకు తీసుకెళ్ళింది.

కౌన్సిలర్ పెద్దావిడ. మాలిస్ చొక్కా మోచేతికి అంటుకున్న చక్కెర చూసి, "ఇదేమిటి?" అందట.

"కొట్లో అంటుకుంది మేడమ్. మా అమ్మకి సాయం చేస్తుంటాను."

"ఎప్పటినుంచి?"

"ఏమో. ఎప్పుడూ అంతే."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టిందట. "అమ్మాయ్, స్కూలునుంచి నేరుగా వచ్చే పిల్లలకు మార్కులు చూస్తారు. మీలా మధ్యలో మారేవాళ్ళకు, ఇన్నాళ్ళూ ఏం చేశారో కూడా చూస్తారు. ఆ ఒక్క టర్మ్ మార్కులు ఎందుకు పడ్డాయో ఈ గడి చెప్పాలి. ఇది ఖాళీగా ఉంటే నువ్వు బద్ధకస్తురాలివి అనుకుంటారు. రాయి. జీతం లేకపోయినా పని పనే."

ఇంటికొచ్చి మాలిస్ నాకు మాత్రమే చెప్పింది. "పిన్నీ, రాసేశాను. ఎవరైనా ఫోన్ చేసి కనుక్కుంటే నీ పేరు ఇచ్చాను. అమ్మకి చెప్పకు. నేను 'పని' అని రాశానని తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటుంది."

"చెప్పనులేవే. నేనుండగా నీకెందుకు?" అన్నాను.

ఇక లోరా కొడుకు, గ్రేసన్. ఎక్కడో పేరున్న కాలేజీలో చేరి, మొదటి ఏడే తాగి తందనాలాడి, అక్కడినుంచి ఊడి ఇంటికొచ్చి పడ్డాడు. ఇప్పుడు మాలిస్ చదివే కాలేజీలోనే చేరి, అదే యూనివర్సిటీకి దొడ్డిదారిన పోదామని చూస్తున్నాడు. డబ్బు తీసుకుని దరఖాస్తులు దిద్దిపెట్టే మనిషినొకణ్ణి లోరా కుదిర్చింది. ఆయన చూసి పెదవి విరిచాడట. పిల్లాడు జన్మలో ఒక్కరోజు పని చేయలేదు, ట్రాన్స్‌ఫర్ వాళ్ళలో ఇలాంటివాణ్ణి ఎవరు తీసుకుంటారు, ఎక్కడైనా చెమటోడ్చినట్టు ఉండాలి అన్నాడట.

ఆ ఆదివారం లోరా అక్క చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఫల్లా, మా వాడు మీ కొట్లో కొన్నాళ్ళు తిరుగుతాడు. జీతం వద్దు. ఎవరైనా అడిగితే ఇక్కడ పని చేశాడని ఒక మాట చెప్పు. రెండేళ్ళు అని చెప్పు. నీ బిడ్డలాంటివాడు."

అక్కకు అందులో తప్పేమీ కనిపించలేదు. తెలిసినవాళ్ళ కోసం ఒక మంచి మాట చెప్పడం మాలో మర్యాద. పైగా దేవత అన్నదాయె.

"వాడు రెండేళ్ళు చేశాడా? రెండు రోజులైనా చేస్తాడా?" అని నేను లోపల అడ్డుపడ్డాను.

"ఊరుకోవే. ఒక మాటకి మన నోరేం అరిగిపోతుంది? నోరు మంచిదైతే ఊరు మంచిది."

వచ్చాడు మహానుభావుడు. ఇస్త్రీ చేసిన ఆప్రాన్ ఇంటినుంచి తెచ్చుకున్నాడు. తెల్లారి పొద్దెక్కాక వచ్చి, చెంపకు కాస్త పిండి రాసుకుని, తల్లి చేత ఫోటోలు తీయించుకున్నాడు. మూడో రోజు రాలేదు. నాలుగో రోజు వచ్చి, పెట్టెలు మడుస్తున్న మాలిస్ పక్కన కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఇక్కడినుంచి క్లాసుకు వెళ్తే ఎలా ఉంటుంది? నిద్ర వస్తుందా? సిగ్గేస్తుందా?

ఆ పిచ్చిమొద్దు అన్నీ చెప్పింది. ఇన్నాళ్ళలో ఆ సంగతి ఎవరడిగారు గనక! చెబుతూ పెట్టెలు మడుస్తూనే ఉంది. వాడు మాత్రం ఒక్క పెట్టె ముట్టుకోలేదు. ఫోన్‌లో ఏదో టకటకా కొట్టుకుంటున్నాడు. స్నేహితురాలికి కబుర్లు పంపుతున్నాడేమో అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే కొట్లో జనం క్రిక్కిరిసి ఉన్నారు. మాలిస్ కాలేజీలో ఉంది. నేను వెనక పిండి మిషన్ దగ్గర ఉన్నాను. గోడ ఫోన్ మోగితే అక్క ఎత్తింది. మిషన్ రొదలో నాకు అక్కడక్కడా ముక్కలే వినపడ్డాయి.

"ఎస్, ఎస్. గ్రేసన్. మంచి పిల్లోడు. చాలా కష్టం చేస్తాడు. రెండేళ్ళు." ఆ తర్వాత గొంతు పెద్దదైంది. "నో! నో, నో!"

తిరిగొచ్చాక అడిగాను. "ఎవరు?"

"లోరా వాళ్ళ పిల్లాడి గురించే. చెప్పేశాను." ముఖం వెలిగిపోతోంది. 'నో నో' సంగతి నేను అడగలేదు. అక్క ఎవరేం అమ్మజూపినా ఫోన్‌లో అలాగే అరుస్తుంది.

ఏప్రిల్‌లో జవాబులొచ్చాయి. మాలిస్‌కు రాలేదు. అది కంప్యూటర్ ముందు కూర్చుని ఎంతసేపటికీ లేవకపోతే నేనే వెళ్ళి చదివించుకున్నాను. మీరు పేర్కొన్న పని అనుభవం మా విచారణలో ధ్రువపడలేదు, కనుక మీ దరఖాస్తును పరిశీలించలేకపోతున్నాం అని ఉంది. ఇందులో పొరపాటు ఉందని యజమాని భావిస్తే ఫలానా తేదీలోగా ఈ నంబరుకు ఫోన్ చేయవచ్చు అని కింద సన్నటి అక్షరాల్లో ఉంది.

"ధ్రువపడలేదంటే ఏంటి పిన్నీ? నేను అబద్ధం రాశాననా?"

"నాకు ఫోనే రాలేదే!"

"మరి ఎవరిని అడిగారు?"

మాకు అంతుపట్టలేదు. మాలిస్ వాళ్ళమ్మతో మాత్రం మార్కులు చాలలేదట అని చెప్పింది. అక్క కూతురి తల నిమిరి, "పోనీలే. మళ్ళీ ఏడు చూద్దాం. నువ్వేం బెంగపడకు" అంది. అది పెట్టెలు మడుచుకుంటూ కూర్చుంది. ఒక్కో మడతకూ బొటనవేలు గట్టిగా నొక్కుతోంది.

రెండు రోజులకు, మధ్యాహ్నం కొట్టు కాస్త ఖాళీ అయ్యాక, లోరా కారు వచ్చి ఆగింది. పువ్వులు, కేకు, కొడుకు. మేం రోజూ వేయించి చచ్చే కొట్లోకి ఎవరో కేకు పట్టుకురావడం అదే మొదలు.

"వచ్చింది ఫల్లా! వాడికి సీటొచ్చింది! నీ చలవే ఇదంతా!" అని అక్కను కౌగిలించుకుంది. తర్వాత సంచిలోంచి కాగితం తీసింది. "వాడు రాసిన వ్యాసం వినాలి మీరు. మీ గురించే."

నిలబడి చదివింది. చర్చిలో చదివినట్టు, ఆగి ఆగి.

"'నా పుస్తకాల అంచులకు చక్కెర అంటుకుని ఉంటుంది. క్లాసులో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అది నూనె వాసన వల్లనో, నా వల్లనో నాకు తెలిసేది కాదు.'"

పెట్టె మడుస్తున్న మాలిస్ చేతులు ఆగిపోయాయి. అది దాని మాట. అక్షరం పొల్లుపోకుండా దాని మాట. ఆ రోజు వాడి పక్కన కూర్చుని అంటుంటే నేను నా చెవులతో విన్నాను. గ్రేసన్ చెవులు ఎర్రబడ్డాయి. కేకు మీద రాసిన తన పేరు వైపు చూస్తూ నిలబడ్డాడు. లోరా కళ్ళు తుడుచుకుంది. కొడుకు పడని కష్టానికి తల్లి పెట్టిన కన్నీళ్ళు! నాకు ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ చెమటే ఒకరిది, సోకు ఒకరిది. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నది నేను ఆ రోజు కళ్ళారా చూశాను.

అక్కకు ఆ ఇంగ్లీషు సగమే అర్థమైంది. ఉత్సాహంగా తలూపింది.

"నేను ఫోన్‌లో చెప్పాను కదా లోరా. మంచి పిల్లోడు, కష్టం అని. ఫోన్ చేసిన ఆమె మా మాలిస్ గురించి కూడా అడిగింది. 'మాలిస్ కూడా మీ దగ్గర పని చేస్తుందా?' అంది." అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "నేను గట్టిగా చెప్పేశాను. నో, నో! నా కూతురు ఒక్కరోజు కూడా పని చేయలేదు. చదువు మాత్రమే! అని."

మాలిస్ కాగితంలో ఉన్నదీ మా కొట్టు పేరే కాబట్టి, నన్ను అడగాల్సింది ఆ ఫోన్‌లోనే అక్కను అడిగేశారన్నమాట. ఇంత ధీమాగా నవ్వడం నేను మా అక్క ముఖంలో ఎప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి దాచుకున్న గొప్పను చివరికి ఒక పెద్ద యూనివర్సిటీకే చెప్పుకుంది.

మాలిస్ "అవునమ్మా," అని పెట్టె అందుకుంది.

అక్కడే నాకు పట్టు తప్పింది. "ఏం అవును? ఏమవునే? ఛీ!" అని అరిచాను. డోనట్లు తిప్పే పుల్లలు నూనెలో విసిరికొట్టాను. "అక్కా, దాని సీటు పోయింది ఎందుకనుకున్నావ్? మార్కులు కాదు! నువ్వే పోగొట్టావు! అది పని చేశానని రాసింది, నువ్వు చేయలేదన్నావు. వీడు చేయలేదు, నువ్వు చేశాడన్నావు!"

"పిన్నీ, వద్దు," అంది మాలిస్.

"ఎందుకొద్దు? నీ మాటలు నీ ముందే చదువుతుంటే పెట్టెలు మడుస్తావా? నీకు రోత పుట్టట్లేదా?"

మా భాషలో మాట్లాడుకుంటున్నాం కాబట్టి లోరా ఇంకా నవ్వుతూనే ఉంది. అక్క కూతురి వైపు తిరిగింది.

"పని అని రాశావా?"

"రాశానమ్మా."

"ఎప్పటినుంచి అని రాశావు?"

"ఏడేళ్ళప్పటినుంచి."

అక్క ఆ పాత పాల బుట్ట వైపు చూసింది. అది ఇప్పటికీ గల్లా కిందే ఉంది, మేం దాని మీద పంచదార మూటలు పెడతాం. చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుంది. "నంబరు ఏది?"

మాలిస్ కదలలేదు. నేనే లోపలికి పరుగెత్తి నంబరు తెచ్చి నొక్కి ఇచ్చాను. ఫిబ్రవరిలో ఫోన్ చేసినావిడ అవతల దొరికేదాకా చాలాసేపు ఏదో సంగీతం మోగింది. లోరా కేకు కోయడానికి కత్తి అడిగింది. ఎవరూ ఇవ్వలేదు.

"హలో. నేను ఫల్లా. డోనట్. నువ్వు నన్ను అడిగావు, నా కూతురు పని చేస్తుందా అని. నేను లేదు అన్నాను." అక్క గొంతు సవరించుకుంది. "చేస్తుంది. చేసింది. ఏడేళ్ళ పిల్లప్పటినుంచి. ఆమె నాన్న మంచం మీద ఉన్నప్పుడు మొత్తం కొట్టు ఆమె చేసింది."

అవతల ఏదో అడిగారు. అక్క నా వైపు చూసి స్పీకర్ బొత్తాం చూపించమంది. నొక్కాను. మర్యాదగానే ఉంది ఆ గొంతు.

"క్షమించండి. ఫిబ్రవరిలో మీరు ఒకటి చెప్పారు, ఇప్పుడు ఇంకొకటి చెబుతున్నారు. అబద్ధం అప్పుడు చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా?"

లోరా నవ్వు అప్పటికి ఆగింది. "ఫల్లా, ఎవరితో మాట్లాడుతున్నావ్? ఫల్లా డియర్..."

"అప్పుడే," అంది అక్క. "అప్పుడు రెండు అబద్ధాలు చెప్పాను. నా కూతురు పని చేయదు, ఒక అబద్ధం. గ్రేసన్ పని చేశాడు, ఇంకో అబద్ధం. అతను ఫోటో తీసుకున్నాడు. కాగితంలో ఉన్న మాటలు నా కూతురివి."

లోరా ఫోన్ మీదకు చెయ్యి చాచింది. నేను మధ్యలో నిలబడ్డాను. నా చేతులకు పాకం ఉంది, ఆవిడ కోటు తెల్లది. అక్కడే ఆగిపోయింది.

"నీకు మేం ఏం తక్కువ చేశాం? ఇన్నేళ్ళు మీ దగ్గరే కొన్నాం!" అంది, అదేదో దానం చేసినట్టు. గ్రేసన్ మాత్రం ఒక్క మాటే అన్నాడు, "అమ్మా, పద." పోతూ పోతూ ఆవిడ కేకు తీసుకుని మరీ పోయింది.

ఆ తర్వాత ఏమైందో చెప్పేస్తాను. గ్రేసన్ సీటు రద్దయిందని కాలేజీలో అనుకున్నారు. లోరా ఇప్పుడు ఇంకో కొట్లో ఇంకెవరివో చేతులు పట్టుకుంటోంది. మాలిస్ దరఖాస్తు మళ్ళీ తెరిచారు గానీ, ఆ ఏటికి సీట్లు నిండిపోయాయి, మళ్ళీ పెట్టుకోమన్నారు. దొంగ సీటు ఖాళీ అయింది కదా, అది ఇవ్వొచ్చుగా అని నేను అరిచాను. లెక్కలు అలా కుదరవట. ఛీ, వాళ్ళ లెక్కలు.

కానీ నాకు మనసులో నిలిచిపోయింది అది కాదు. ఆ మధ్యాహ్నం ఫోన్ పెట్టేశాక అక్క తిన్నగా వెనక్కి వెళ్ళి, సింకు మీద వంగి భళ్ళున కక్కింది. నేను వీపు రాశాను. మాలిస్ నీళ్ళు తెచ్చి, "నువ్వు నాతో పని చేయించలేదమ్మా, నేను సాయం చేశాను, అంతే" అంది.

అక్క నోరు కడుక్కుంది. తల అడ్డంగా ఊపింది.

"నా చేత కాలవలు తవ్వించినవాళ్ళు రాక్షసులే," అంది. "కానీ దాన్ని పని కాదని వాళ్ళు ఎప్పుడూ అనలేదే."